పాత జాడీలో కొత్త ఆవకాయ

పైడయ్య ఘాట్ రోడ్డెక్కి అరకు వచ్చిన నాడు అతని చేతిలో ఉన్నవి ఇవి: తండ్రి వదిలిపోయిన ఇత్తడి కుంచం, అడిగి తెచ్చుకున్న ఖాళీ గోనెలు, కనపడ్డవాడినల్లా మామా అని పిలవగల నోరు. కుంచం వారసత్వం. గోనెలు అరువు. నోరొక్కటే స్వార్జితం. ఆ నోటితోనే అతను కొండ మీద నిలబడ్డాడు.

తొంభై ఏడు నాటికి స్టేషన్ రోడ్డులో రేకుల కొట్టు, శుక్రవారం సంతలో ఇంకెవరూ గోనె పరచడానికి సాహసించని చోటు, వంటలో చెయ్యి తిరిగిన భార్య రత్న, కాన్వెంటులో పదో తరగతి చదివే ఒక్కగానొక్క కూతురు బిందుమాధవి అతని ఆస్తి. కుంచాలు కూడా రెండయ్యాయి. ఒకటి కొనడానికి, ఇంకొకటి అమ్మడానికి. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉండేవి. కొనేది మాత్రం కాస్త కడుపుతో ఉండేది. అది మోసమని పైడయ్య ఎన్నడూ అనుకోలేదు. సరుకుని ఎలుక కొడుతుంది, వాన తడుపుతుంది, ఘాట్ రోడ్డులో లారీ ఆగిపోతుంది. వాటన్నిటికీ ఎవరు జవాబు చెప్తారు? ఆ కాస్త కడుపే చెప్పాలి.

ఇన్ని ఉన్నవాడి దగ్గర లేనిది పగ. అది కూడా ఆ ఏడాది చలికాలంలో వచ్చి చేరింది.

తెచ్చిపెట్టింది కాన్వెంటు పెద్ద సిస్టర్ లిస్సీ. కేరళ మనిషి. తెలుగు మాట్లాడితే మాటల మధ్య నీళ్ళు పారుతున్నట్టుండేది. ఆవిడ బడిలో ఒక పద్ధతి పెట్టింది. తరగతిలో ప్రశ్న అడగగానే చెయ్యెత్తకూడదు. మూడుసార్లు ఊపిరి పీల్చి వదిలాకే నోరు విప్పాలి. సాయంత్రం జపమాలకి ముందు పిల్లలందరూ ప్రార్థన గదిలో కళ్ళు మూసుకుని తమని తాము అడుక్కోవాలి: ఇవాళ నేను ఏం చూశాను? చూడకుండానే దేన్ని చూశాననుకున్నాను? దానివల్ల ఎవరికి నొప్పి కలిగింది?

తల్లిదండ్రుల మీటింగులో ఇదంతా విని పైడయ్య లేచి అడిగాడు, "సిస్టరమ్మా, ఇది బైబిలు పాఠమా, లెక్కల పాఠమా?"

"రెండూ ఒకటే పైడయ్యగారూ. దేవుడు కళ్ళిచ్చింది మూసుకుని మొక్కడానికే కాదు కదా."

అందరూ నవ్వారు. పైడయ్య కూడా నవ్వాడు. కూతురికి ఇంగ్లీషు వస్తే చాలు, ఊపిరి ఎన్నిసార్లు పీల్చుకుంటే తనకేం అనుకున్నాడు.

ఆ ఊపిరే వచ్చి అతని గోనె ముందు నిలబడింది. రాజ్మా దిగే రోజులు. హాస్టలుకి సరుకు కొనడానికి సిస్టర్ లిస్సీ పదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని సంతకి వచ్చింది. పైడయ్య అమ్మే కుంచంతో మొదటి కొలత నిండా కొలిచి సంచిలో పోశాడు. కొండ మీది పనసగుడ ఊరి పెద్ద సోంబరు కూతురు గంగ ఆ సంచి అందుకుంది. అందుకుని కదల్లేదు. ఊపిరి పీల్చింది. వదిలింది.

"సావుకారూ, ఈ రాజ్మా మళ్ళీ మీకే అమ్ముతాను. కొంటారా?"

"కొననేటి గుంటా? తే!" అన్నాడు పైడయ్య, పిల్ల ఏదో ఆటాడుతోందనుకుని.

"అయితే మా నాన్న దగ్గర కొనే కుంచంతో కొలవండి."

చుట్టూ జనం. కొలవనంటే ఒక తంటా, కొలిస్తే ఇంకో తంటా. పైడయ్య మనసు ఈ రెండిటి మధ్య నలుగుతుండగానే, సరుకు అమ్ముకోవడానికి వచ్చి పక్కనే ఉన్న సోంబరు ఆ కుంచం అందుకుని తనే పోశాడు. గింజలన్నీ అయిపోయాయి. కుంచం నిండలేదు. లోపల బెత్తెడు చీకటి కనపడింది.

అడ్డాకులమ్మే ముసలామె కిసుక్కుమంది. ఆ కిసుక్కు సంత పొడుగునా పాకింది.

సిస్టర్ లిస్సీ కోప్పడలేదు. పిల్లల వైపు తిరిగి, "చూశారు కదా?" అని మాత్రం అంది. సరుకు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ పిల్లల వరసలో చివర బిందు ఉంది. అది నవ్వలేదు. అలాగని తండ్రి పక్కకీ రాలేదు. నేల చూస్తూ సిస్టర్ వెనకే నడిచి వెళ్ళిపోయింది.

ఆ తరవాత ప్రతి శుక్రవారం ఎవడో ఒకడు గోనె ముందు ఆగేవాడు. "సావుకారూ, ఇది కొనే కుంచమా, అమ్మే కుంచమా?" కాన్వెంటు బేరం పోయింది. కొండవాళ్ళు అమ్మే కుంచంతోనే కొలవమని పట్టుబట్టారు. అవన్నీ పైడయ్య తట్టుకోగలడు. వ్యాపారంలో ఒకచోట పోయింది ఇంకోచోట దొరుకుతుంది. 'చూశారు కదా' అన్న రెండు మాటలకి మాత్రం ఏ సంతలోనూ మారకం దొరకలేదు. అన్నం ముందు కూర్చుంటే అవే, పడుకుంటే అవే.

"ఏటి, అలా సూరు కేసి సూత్తన్నారు?" అనేది రత్న.

"మామిడి పూత ఎప్పుడొత్తాదా అని."

"సూరు మీద మామిడి పూత్తాదేటి?"

అతను నిజమే చెప్పాడు. రత్నకి అర్థం కాలేదంతే.

కొండ మీద ఇన్నేళ్ళు బతికినవాడికి కొండ కట్టుబాట్లు తెలియకుండా ఉండవు. ఏ కొత్త పంటైనా ముందు ఊరి దేవతకి పెట్టాలి, తరవాతే మనిషి నోట్లోకి పోవాలి. అన్నిట్లోకీ మామిడి కొత్త పండగ పెద్దది. ఊళ్ళో ముహూర్తాలు పెట్టే దిసారి లెక్క చూసి రోజు చెప్తాడు. ఒక్కో ఊరికి ఒక్కో రోజు. ఆ రోజు వచ్చేదాకా కాయలు చెట్టు కింద రాలి పడున్నా, నోరూరి చచ్చిపోతున్నా పిల్లాడు కూడా కొరకడు. కొరికితే ఊరికి కీడు. సిస్టర్ లిస్సీ పరాయి మతస్థురాలైనా దీన్ని మన్నించేది. "అది వాళ్ళు వాళ్ళ దేవతకిచ్చిన మాట. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం మన దేవుడికీ ఇష్టమే" అని, ఆఖరి పిల్ల ఊళ్ళో పండగ అయ్యేదాకా హాస్టలు వంటింట్లోకి కొత్త మామిడి రానిచ్చేది కాదు. పైడయ్యకి ఇది చెప్పింది బిందే, ఎప్పుడో అన్నం తింటూ.

కొండ మీద ఇంకా పిందెలు కడుతుండగానే కింద మైదానంలో ముందు కాపు కాయ దిగుతుంది. శృంగవరపుకోటలో పైడయ్య అక్క పెరట్లో ఒక చెట్టుంది. ఆమె చేత కొత్త ఆవకాయ పెట్టించి, క్యాను నిండా పట్టుకుని పాసింజరు రైల్లో పైకి వచ్చాడు. ఒక మధ్యాహ్నం రత్న బట్టలుతకడానికి గెడ్డకి వెళ్ళినప్పుడు, చూరు కింద అటక మీదున్న పాత జాడీ దించాడు. అందులో సగానికి పైగా పోయినేడాది ఆవకాయ ఉంది. దాన్ని పారబొయ్యాలి. అది అతని లెక్కలో మొదటి మెట్టు.

జాడీ పట్టుకుని పెరటి గుమ్మం దాకా వెళ్ళాడు. చెయ్యి ఒంగలేదు. నూనె, ఆవపిండి, కారం, ఏడాది పొడుగునా కాచుకున్న ముక్క. జన్మలో సరుకు పారబోసిన మనిషి కాడతను. వెనక్కొచ్చి పాత ఆవకాయంతా స్టీలు డబ్బాలోకి వంపి మూతపెట్టాడు. జాడీలో కొత్తది నింపాడు. రత్న కట్టిన గుడ్డనే, రత్న చుట్టిన ఎర్ర దారంతోనే మూతికి మళ్ళీ కట్టాడు.

రత్న రాగానే, "జాడీ కాన్వెంటుకి ఇత్తన్నాను. మనకి డబ్బాలో తీసి ఉంచేను" అన్నాడు.

"సంతలో మొకమ్మీద కొట్టినోళ్ళకి ఆవకాయా? మీకేటైనా పట్టిందా?"

"ఈస్టరు ముందు తపస్కాలమంట వాళ్ళకి. మంచి సేసుకోవాల."

రత్న అనుమానంగా చూసింది. ఆ చూపు ఎక్కువసేపు నిలవలేదు. "అయితే నా సేతి ఆవకాయ ఆ కేరళావిడ తింటాదన్నమాట!" అని మురిసిపోయి, జాడీ మూతికి ఇంకో వరస దారం తనే చుట్టింది.

బిందుకి మాట అప్పగించడం మిగిలింది. "మీ సిస్టరుకి సెప్పు. మా నాన తప్పు తెలుసుకున్నాడని. ఇది పోయినేడు మీ అమ్మ పెట్టిందేనని కూడా సెప్పు, లేకపోతే పిల్లలు తినరు."

బిందు ముఖం ఒక్కసారిగా విప్పారింది. సంత గొడవ నాటి నుంచి ఆ పిల్ల ఇంట్లో నవ్వి ఎరగదు. "నిజంగానా నానా?" అంటూ అతని చెయ్యి పట్టుకుంది. పైడయ్య మాత్రం, పెద్ద బేరంలో కొంత ఖర్చు తప్పదని ఆ సంతోషాన్ని ఖర్చులో వేసేసుకున్నాడు.

మర్నాడు జాడీ పట్టుకెళ్ళి ఇచ్చి, సాయంత్రం బడి నుంచి వచ్చి బిందు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "సిస్టర్ ఏమన్నారో తెలుసా నానా? 'సంతలో అందరి ముందూ అలా చెయ్యకూడదు నేను. ఆయన్ని పక్కకి పిలిచి అడగాల్సింది. ఆ రోజు ప్రార్థనలోనే నాకు తట్టింది. వచ్చి చెప్పడానికే అహం అడ్డొచ్చింది' అన్నారు. నిన్ను కలవడానికి వస్తారట."

పైడయ్య ముద్ద నోటి దగ్గర ఆగింది. జాడీ అప్పటికే గడప దాటింది. వెనక్కి తెప్పించాలంటే ఇప్పుడైనా తెప్పించవచ్చు. 'చూశారు కదా' అన్నది నలుగురిలో, తప్పు ఒప్పుకున్నది నాలుగ్గోడల మధ్యన. తూకం సరిపోలేదనుకుని ముద్ద మింగాడు.

"తిన్నారా పిల్లలు?"

"గంగ ముందు ఒప్పుకోలేదు. ముక్క కరకరమంటోంది, కొత్తదేమో అంది. నేను చెప్పాను: ఇది మా జాడీ, మా అమ్మ కట్టిన గుడ్డ, పెట్టిన రోజు నేనే ఉప్పు అందించాను, నా కళ్ళతో చూశాను అని. మా అమ్మ పెడితే ముక్క మెత్తబడదే అన్నాను. అప్పుడు అందరూ తిన్నారు!"

రత్న పొయ్యి దగ్గర్నుంచి, "మరేటనుకున్నారు!" అంది.

ఆ శుక్రవారం పైడయ్య సోంబరుని టీ కొట్టు వెనక్కి తీసుకెళ్ళాడు. "మామా, సెప్పకూడదు గాని నీ ఉప్పు తిన్నాను. కాన్వెంటు పిల్లలకి కొత్త మామిడి పెట్టేరట. నేను పంపింది పాతదే, మా రత్న సేతిది. ఆ తరవాత వంటింట్లో ఆవిడ ఏటి కలిపించిందో, ఆ దేవుడికే ఎరుక."

సోంబరు గ్లాసు కింద పెట్టేశాడు. "మా గంగ తిన్నాదా?"

"అందరూ తిన్నారు మామా."

సోంబరు సంచి కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు.

మర్నాడు కొండ ఊళ్ళు దిగి వచ్చాయి. ఒక్క పనసగుడే కాదు, హాస్టల్లో పిల్ల ఉన్న ప్రతి ఊరూ వచ్చింది. పదో తరగతి పరీక్షలు నెత్తిమీదున్నాయని సిస్టర్లు చెప్తూనే ఉన్నారు. ఎవరూ వినలేదు. రేకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని పిల్లలు ఒకరి వెనక ఒకరు గేటు దాటారు. పైడయ్య కాన్వెంటు ఎదుటి కల్వర్టు మీద కూర్చుని టీ తాగుతూ చూశాడు. గేటు దగ్గర నిలబడ్డ సిస్టర్ లిస్సీ ముఖంలో రక్తం లేదు. అంత రుచైన టీ అతను అరకులో ఎప్పుడూ తాగలేదు.

సోంబరు గట్టిగా అడిగాడు, "నీకు తెలిసే పెట్టేవా అమ్మా?"

"పాతదని చెప్పారు. నమ్మాను."

"ఎవరు సెప్పేరు?"

సిస్టర్ నోరు విప్పకముందే బిందు ముందుకి వచ్చింది. "నేను చెప్పాను మామా."

అందరూ పైడయ్య వైపు తిరిగారు. ఇక్కడ కూతురి పక్కన నిలబడి ఉంటే కథ ఇంకోలా నడిచేదేమో. అతను గ్లాసు కడిగి పక్కన పెట్టి, "నేనిచ్చింది పాతదే. అది మోసుకొచ్చిన గుంట. దానికేటి తెలుసు, దారిలో ఎవరేటి సేసేరో" అన్నాడు.

గంగ పెట్టె దించి బిందు ముందుకి వచ్చింది. "నీ కళ్ళతో చూశానన్నావు కదే."

"జాడీ చూశాను" అంది బిందు, వినపడీ వినపడనట్టు.

"నేను జాడీ సంగతి అడిగానా?"

గంగ పెట్టె ఎత్తుకుంది. మళ్ళీ వెనక్కి చూడలేదు. చదువులో కాన్వెంటుకే ముందుండే పిల్ల. పరీక్ష రాయకపోతే ఆ ఏడాదే దాని పెళ్ళి అయిపోతుందని అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం బిందు ఇంట్లో ఒక మూల గోడకానుకుని కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చుంది. రత్న దీపం పెట్టింది. పైడయ్య ఏదో పాట కూనిరాగం తీశాడు.

"బేగి రండి, అన్నం సల్లారిపోతాది" అని రత్న పిలిచి, కంచాల్లో చద్దికూరతో పాటు ఆవకాయ వేసింది. బిందు కలుపుకుని మొదటి ముద్ద పెట్టుకుంది. దవడ ఆగిపోయింది. పోయినేడాది రత్న చెయ్యి జారి మెంతిపిండి ఎక్కువ పడింది. ఏడాదంతా ఇంటిల్లిపాదీ ఆ చేదుని తిట్టుకుంటూనే తిన్నారు.

"అమ్మా, ఇది ఏ ఆవకాయ?"

"మనదే. నా మెంతి సేదు తెలవడం లేదేటి? మీ నాన కాస్త తీసి ఉంచేనంటే నిజమే అనుకున్నాను. సూద్దును కదా, డబ్బా నిండా ఉంది! జాడీలోదంతా ఇందులోనే ఉన్నట్టుంది."

పైడయ్యకి పొలమారింది. మంచినీళ్ళు తాగుతూ కూతురి కేసి చూశాడు. బిందు తల ఎత్తలేదు. ఊపిరి పీల్చింది, వదిలింది. మళ్ళీ పీల్చింది. తరవాత, "ఇంకొంచెం వెయ్యమ్మా" అని కంచం చాపింది. తృప్తిగా తిన్నట్టే తిని చెయ్యి కడుక్కుంది.

గుంటకి తట్టలేదని పైడయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. పగ తీర్చుకోవడానికి తను చలికాలం పొడుగునా నోరు మూసుకున్న సంగతి, ఆ నోరు మూసుకోవడాన్ని రోజూ ఎదురుగా కూర్చుని చూసిన పిల్ల ఒకతి ఉన్న సంగతి అతనికి గుర్తు రాలేదు.

వారమంతా బిందు ఒక్క మాట కూడా జారలేదు. అడిగినదానికి జవాబు, పెట్టినదానికి భోజనం. శుక్రవారం సంత నిండాక వచ్చింది. ఒక చేతిలో స్టీలు డబ్బా. వెనకాల జాడీ పట్టుకుని సిస్టర్ లిస్సీ. రెండూ తెచ్చి తండ్రి గోనె మీద పెట్టారు. బిందు నేరుగా అల్లం మూటల దగ్గరికి వెళ్ళి సోంబరుని, మిగతా ఊళ్ళ పెద్దల్ని పిలిచింది. గంగ తండ్రి వెనకే వచ్చి దూరంగా నిలబడింది.

"ఏటిది?" అన్నాడు పైడయ్య నవ్వుతూ. నవ్వు పెదాల దగ్గరే ఆగింది.

"నానా, ఈ జాడీలోది ఎవరి చేతిది?"

"మీ అమ్మది. ఎన్నిసార్లు సెప్పాల?"

"ఈ డబ్బాలోది?"

పైడయ్య ఒక్క క్షణం తూచాడు. "అదీ మీ అమ్మదే."

"అయితే రెండూ ఒకటే రుచి ఉండాలి కదా. మామలెవరూ జాడీలోది ముట్టుకోవద్దు. అమ్మా, నువ్వు చూడు."

రత్న పక్కనే ఎండుమిరపకాయలు అమ్ముతోంది. తన వంట మీద మాట పడిందనుకుని చెంగు దోపుకుని విసురుగా వచ్చింది. "నా ఆవకాయకి వొంకేటి?" అంటూ డబ్బాలోది వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. "ఇది నాది. మెంతి ఎక్కువైంది, ఒప్పుకుంటాను." జాడీలోది తీసి చప్పరించింది. ముఖం ముడుచుకుపోయింది.

"రత్నా!" అన్నాడు పైడయ్య.

"ఉండండి! థూ, ఇది నాదంటారేటి? ఎల్లుల్లి కొట్టుకుపోతంది. నేను జన్మలో ఆవకాయలో ఎల్లుల్లి ఎయ్యను. ఇది కోటలో మా వొదిన సేతిది. ఒక్క ముక్క కూడా నాది కాదు ఇందులో."

"అత్త పోయినేడాది పెట్టిందేమో అమ్మా" అంది బిందు, మెల్లిగా, దారి చూపిస్తున్నట్టు.

"పోయినేడు ఆవిడ సెట్టు కాపెక్కడ కాసింది? నా దగ్గరే రెండు గరిటెలు అడిగి పట్టుకెళ్ళింది! ఇది ఈ ఏటి కాయే..."

అప్పుడు మొగుడి ముఖం చూసింది రత్న. నోటి మీద చెయ్యి వేసుకుంది. అప్పటికే మాట సంతంతా విన్నది.

బిందు సోంబరు వైపు తిరిగింది. "మామా, జాడీ చూసి ఆవకాయ చూశానని చెప్పాను. అది నా తప్పు. జాడీలో ఉన్నది మార్చి నా చేతికిచ్చింది మా నాన. మీకు పాతదన్నాడు, దారిలో నా చేతిలో మారిందన్నాడు. సిస్టర్‌కి ఏమీ తెలీదు. గంగకీ తెలీదు."

సోంబరు పైడయ్య వైపు తిరిగాడు. పైడయ్య సోంబరుని మామా అని పిలవబోయాడు. స్వార్జితమైన ఆ నోరు మొదటిసారి అతనికి పని చెయ్యలేదు.

"గుంటలది తప్పు కాదు" అన్నాడు సోంబరు మిగతా పెద్దలతో. "తెలీక తిన్నోళ్ళది తప్పు కాదు. తినిపించినోడిది. దిసారి సుద్ధి సేసి, మేకని ఇచ్చేస్తే దేవత ఊరుకుంటాది. మేక వీడిస్తాడు." వంగి గోనె మీదున్న కొనే కుంచం తీసుకున్నాడు. "ఇది కూడా మేం పట్టుకుపోతాం."

ఎవరూ అడ్డు చెప్పలేదు. గంగ బిందు దగ్గరికి వచ్చింది. గోనె మీది స్టీలు డబ్బా మూత తీసి, ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. "ఛీ, చేదు" అంది. ఇద్దరూ ఏడ్చారు.

ఇదంతా ఒక ఎత్తు. సిస్టర్ లిస్సీ చేసింది ఇంకో ఎత్తు. అందరూ వింటుండగా పైడయ్య ముందుకి వచ్చి, "పైడయ్యగారూ, ఆ రోజు ఇదే చోట మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టాను. పాఠం చెప్తున్నాననుకున్నాను, మీకు నొప్పి అనుకోలేదు. ఇదే చోట క్షమాపణ అడుగుతున్నాను. మీరు చేసింది నేను క్షమించేశాను" అంది.

తిట్టినా బాగుండేది. చేతులు జోడించిన మనిషి మీద ఇక ఏ పగ పెట్టుకుంటాడు? ఉన్న పగ కూడా ఆవిడే పట్టుకుపోయింది.

ఆ సాయంత్రమే బిందు బట్టలు సర్దుకుంది. పైడయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికే గుంటా?"

"హాస్టలుకి."

"నాకు జరిగిన అవమానానికి నేను జవాబు సెప్పుకున్నాను. నిన్నేటి సేసేను?"

బిందు ఊపిరి పీల్చింది, వదిలింది. ఆ ఊపిరి చూసి పైడయ్య గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు పగ తీర్చుకున్నది సిస్టర్ మీద కాదు నానా, నా మాట మీద. నేనూ తీర్చుకున్నాను. అయిపోయింది." అతని చెయ్యి కింద నుంచి వంగి దాటుకుని వెళ్ళిపోయింది.

మేక పోయింది. పిల్లలు తిరిగొచ్చారు. గంగ పరీక్ష రాసింది, పాసయింది. కొండ ఊళ్ళు మెల్లమెల్లగా పైడయ్య గోనె ముందు ఆగడం మానేశాయి. కొన్నాళ్ళకి ఆ చోట్లో ఇంకెవరో ఉల్లిపాయలు పోశారు. సిస్టర్ లిస్సీకి ఎక్కడో ఉత్తరాదికి బదిలీ అయింది. పోతూ పోతూ కొట్టుకి వచ్చి మరీ చెప్పి వెళ్ళింది. ఆ సంగతి తలుచుకుంటే పైడయ్యకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఏళ్ళు తిరిగి రెండువేల ఆరు వచ్చింది. బిందు చదువుకుని అదే కాన్వెంటులో టీచరైంది. గంగ నర్సయింది. మామిడి కొత్త పండగలన్నీ అయ్యాక బిందు టీచరు పిల్లల్ని సంతకి తీసుకొస్తుంది. తూకాలు చూపిస్తుంది, కాటా ముల్లు చూపిస్తుంది, ప్రతి గోనె ముందూ ఆపి అడగమంటుంది. పైడయ్య కొట్టు ముందుకి కూడా వస్తారు. ఒక్కో ఏడాది ఏ పిల్లో అడుగుతుంది, "తాతా, ఆ కుంచం ఒకసారి బోర్లించి చూపిస్తారా?" పైడయ్య బోర్లించి చూపిస్తాడు. బిందు పక్కనే నిలబడి ఏమీ అనదు. సిస్టర్ అన్న ఆ రెండు మాటలు అనదు. అననందుకే అతనికి ఎక్కువ వినపడతాయి.

రత్న ఏటా ఆవకాయ పెట్టి కూతురికి పంపుతుంది. పైడయ్య తనే మోసుకెళ్ళి గేటు దగ్గర ఇస్తాడు. బిందు జాడీ అందుకుని లోపల పెడుతుంది, మూత మాత్రం తియ్యదు. రత్న తీరిక చూసుకుని వెళ్ళి, తన వేలితో తీసి రుచి చూసి, నాదే అని చెప్పాకే తీస్తుంది.

ఇక లెక్క చూసుకుంటే పైడయ్య పొందినది ఇది. ఎదుటి మనిషి ముఖంలో రక్తం ఇంకిపోవడం కళ్ళారా చూస్తూ తాగిన ఒక గ్లాసు టీ. పనసగుడలో దేవత చెట్టుకి వేలాడుతున్న ఒక ఇత్తడి కుంచం. వాన పడితే దాన్లో నీళ్ళు నిలుస్తాయని, పిచ్చికలు తాగుతాయని విన్నాడు. చేతికి ఏదీ రాకముందే మూడుసార్లు ఊపిరి పీల్చి తండ్రిని తూచే ఒక కూతురు. ఆ పిల్లని ఈ కొండ మీద ఎవడూ, ఎప్పటికీ, ఏ కుంచంతోనూ మోసం చెయ్యలేడు. ఆ చివరిది లాభంలో వెయ్యాలో నష్టంలో వెయ్యాలో పైడయ్య ఇంకా తేల్చుకోలేదు. గేటు దగ్గర జాడీ అందించి వచ్చే ప్రతి ఏడూ దారిలో అదే ఆలోచిస్తాడు, కొట్టు చేరేసరికి మాత్రం లాభంలోనే వేస్తాడు.